తెరుచుకోని లైటు.. తెరవగల చేతులు

ఎండాకాలం వచ్చిందంటే గల్ఫ్‌లో మన పని రాత్రిలోకి జరుగుతుంది. యూఏఈలో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. ఖతార్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 వరకు ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా బయట పని బంద్. మంచి నిబంధనలే, కాదనేవాళ్లు లేరు. కానీ ఆగిన గంటల పని ఎక్కడికీ పోదు కదా! కాంక్రీటు పోత రాత్రికి మారుతుంది. షట్టరింగు వాళ్లు తెల్లవారుజామున చీకట్లోనే బస్సు దిగుతారు. అప్పుడు మన చేతిలో సుత్తి ఎంత ముఖ్యమో టార్చిలైటు కూడా అంతే ముఖ్యం.

సైటులో పెద్ద పెద్ద టవర్ లైట్లు ఉంటాయి, నిజమే. అవి స్లాబు మీద వెలుగిస్తాయి. బేస్‌మెంటు మూలకు, లిఫ్టు గుంత అడుగుకు, ఫాల్స్ సీలింగు పైకి, డక్టు లోపలికి ఆ వెలుగు రాదు. అక్కడ చేతిలైటే దిక్కు. అది సరిగ్గా పని మధ్యలో ఆరిపోతుంది. తిప్పి చూస్తే మూత రాదు. రెండు చేతులతో పట్టి తిప్పినా రాదు. స్టోరుకు తీసుకెళ్తే 'కొత్తది కొనుక్కో' అంటారు. బకాలాలో పది పదిహేను దిర్హాములు పెడితే చైనా లైటు దొరుకుతుంది. చిన్న మొత్తమే అనుకోవచ్చు. ఇంటికి పంపే ప్రతి దిర్హమూ లెక్కబెట్టుకునే మనిషికి, ఆ కొత్త లైటు కూడా మూడు నెలలకే ఆరిపోయేదైతే, అది చిన్న మొత్తం కాదు.

మేం ఇక్కడ నిర్మాణ పనుల్లో సూపర్‌వైజర్లం. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి వచ్చినవాళ్లం. మా కింద పనిచేసే వాళ్లలో కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, కడప వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది. బిగుసుకుపోయిన లైటును తెరవడం డిప్లొమా పుస్తకాల్లో లేదు. అది మేం చూసింది వీళ్ల చేతుల్లోనే. అందుకే ఈ నాలుగు మాటలు. తెరవగలిగే లైటు మనకు కావాలి. దాన్ని తెరిచే నేర్పును నేరంగా చూడటం మానాలి. తెరవకూడని లైటు ఏదో మనవాళ్లకు తెలిసి ఉండాలి.

సీలు ఎవరి కోసం?

మన ఊళ్లో నాన్నల చేతిలో ఉండిన ఇత్తడి టార్చి గుర్తుందా? రెండు సెల్లులదో మూడు సెల్లులదో. ముందు తిప్పితే బల్బు, వెనక తిప్పితే సెల్లులు. కొన్నిటికి వెనక మూతలోనే ఒక స్పేరు బల్బు దాచుకునే చోటు కూడా ఉండేది. దాన్ని తయారుచేసినవాడికి తెలుసు, ఇది రైతు చేతికి వెళ్తుందని, నడిరాత్రి పొలం గట్టు మీద రిపేరు చేసుకోవాల్సి వస్తుందని. వ్యవసాయానికి కరెంటు రాత్రిపూట వంతులవారీగా ఇచ్చిన రోజుల్లో ఆ లైటు లేకుండా మోటారు దగ్గరికి పోయేవాళ్లు కాదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. అంతకు ముందు పుట్టి పెరిగిన మనలో చాలామందిమి నాన్న స్టార్టరు డబ్బాలో ఫ్యూజు తీగ వేస్తుంటే పక్కన లైటు పట్టుకుని నిలబడ్డవాళ్లమే.

ఇప్పటి లైటు అలాంటిది కాదు. బల్బు పోయి ఎల్‌ఈడీ వచ్చింది. సెల్లు పోయి లోపలే చార్జింగు బ్యాటరీ వచ్చింది. వెలుగు పదింతలైంది, బరువు సగమైంది. మంచిదే. కానీ తలుపు మూసేశారు.

సీలు వేయడానికి న్యాయమైన కారణాలు రెండున్నాయి. మొదటిది నీళ్లు, దుమ్ము. లైటు మీద ఐపీ 67 అని రాసి ఉంటే దుమ్ము లోపలికి పోదని, ఒక మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా చెడిపోదని అర్థం. ఇసుక గాలి వీచే ఈ దేశాల్లో అది కావాల్సిందే. రెండోది నిప్పు భయం. గ్యాసు, ఆయిలు ఉండే చోట వాడే లైట్లు వేరే ఉంటాయి. వాటి సంగతి తర్వాత చెప్తాం.

అయితే నీళ్లను ఆపేది ఎక్కువగా మూత దగ్గర ఉండే సన్నని రబ్బరు రింగు. దాన్నే ఓ-రింగు అంటారు. మర మీద పూసిన గోందు పని వేరు. కుదుపులకు మర వదులు కాకుండా చూడటం ఒకటి, కొన్నవాడు తెరవకుండా చూడటం రెండోది. ఆ రెండో పనికి న్యాయమైన కారణం మాకు కనిపించలేదు. లైటు పాడైందంటే లోపల చాలాసార్లు జరిగేది చిన్న సంగతే. స్ప్రింగు మీద తుప్పు పడుతుంది, స్విచ్చి దగ్గర తీగ ఊడుతుంది, బ్యాటరీ పాతబడుతుంది. మూత వస్తే పది నిమిషాల పని. మూత రాదు కాబట్టి చెత్తడబ్బా పాలు.

ఈ బాధ మనదొక్కరిదే కాదు. యూరోపియన్ యూనియన్ 2023లో బ్యాటరీల మీద ఒక చట్టం చేసింది. చిన్న పరికరాల్లోని బ్యాటరీని కొన్నవాళ్లే మామూలు పనిముట్లతో తీసి మార్చుకునేలా ఉండాలని అందులో ఉంది. కొన్ని మినహాయింపులతో 2027 ఫిబ్రవరి 18ని ఆ నిబంధనకు గడువుగా పెట్టారు. ఫ్రాన్సులో 2021 నుంచి కొన్ని ఎలక్ట్రానిక్ వస్తువుల మీద 'ఇది ఎంత సులువుగా రిపేరవుతుంది' అని మార్కులు వేసి మరీ అమ్ముతున్నారు. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రిపేరు హక్కు కోసం ఒక పోర్టల్ తెరిచింది. అంటే కొన్న వస్తువును తెరిచి బాగుచేసుకోవడం హక్కు అని ప్రభుత్వాలే ఒప్పుకుంటున్నాయి. లేబర్ క్యాంపులో మంచం మీద కూర్చుని లైటు తిప్పుతున్న మన తమ్ముడు చేస్తున్నదీ అదే.

చేతికందిందే పనిముట్టు

బిగుసుకున్న మర ముందు బలం పనికిరాదు, పట్టు పనికొస్తుంది. ఈ ఒక్క ముక్క తెలియక ఎన్నో లైట్లు పాడవుతాయి. చాలామంది మొదట అందుకునేది పైపు పానా. దాని పళ్లు అల్యూమినియాన్ని కొరికేస్తాయి. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. లైటు గొట్టం గోడ పలచన. రెండు వైపుల నుంచి నొక్కితే గుండ్రంగా ఉన్నది కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అప్పుడు లోపలి మర ఇంకా బిగుస్తుంది. ఎంత బలం పెడితే అంత రాదు.

మా దగ్గర స్కాఫోల్డింగు పనిచేసే నిజామాబాద్ జిల్లా అన్న ఒకరు ఊళ్లో సైకిల్ షాపు నడిపి వచ్చారు. ఆయన ముందు లైటును గుడ్డతో తుడుస్తారు. చెమట, నూనె పోవాలి. తర్వాత పాత సైకిల్ ట్యూబు ముక్కలు రెండు తీసుకుని తల దగ్గర ఒకటి, ఒంటికి ఒకటి చుట్టి తిప్పుతారు. చాలా లైట్లు అక్కడికే వస్తాయి. ట్యూబు లేకపోతే గిన్నెలు కడిగే రబ్బరు తొడుగులు రెండు చేతులకూ వేసుకున్నా చాలు. 'దాన్ని గొంతు పిసుకుతే రాదు తమ్మీ, చుట్టూ పట్టాలె' అంటారాయన. మేం ఇంజినీరింగు భాషలో చెప్పేది ఆయన ఒక్క మాటలో చెప్పేశారు. బలం ఒకచోట పడకుండా చుట్టూ సమానంగా పడాలి.

అప్పటికీ రాకపోతే పట్టీ పానా. బజారులో దొరుకుతుంది, కానీ చేసుకోవడం సులువు. పారేసిన నైలాన్ పట్టీ జానెడు, మూరెడు చెక్క కర్ర ఒకటి. పట్టీ రెండు కొసలూ కర్రకు మేకులతో కొట్టి, ఆ ఉచ్చులో లైటు దూర్చి, కర్రను తిప్పితే పట్టీ బిగుసుకుంటుంది. ఎంత తిప్పితే అంత బిగువు. గీత పడదు, గొట్టం వంకరపోదు. ఇలాంటివి రెండు చేసుకుని ఒకటి తలకు, ఒకటి ఒంటికి వేసి ఎదురెదురుగా లాగాలి. బోరు మోటారు పైపులు గొలుసుతో విప్పడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు.

బెంచి వైసు దొరికేచోట ఇంకో ఉపాయం ఉంది. చెక్కముక్కకు లైటు లావుకు సరిపోయే బెజ్జం వేసి, ఆ బెజ్జం మధ్యగా రంపంతో కోస్తే రెండు దవడలవుతాయి. మధ్యలో రబ్బరు పెట్టి లైటును వైసులో బిగిస్తే గొట్టం అన్ని వైపులా ఆనుతుంది. వడ్రంగి పని తెలిసిన వాళ్లకు పావుగంట పని.

కొన్ని లైట్లకు లోపల ఒక రింగు ఉంటుంది. దానికి ఎదురెదురుగా రెండు చిన్న బెజ్జాలు. మామూలు స్క్రూ డ్రైవరు పెట్టి ఒకవైపు నెడితే జారి అద్దం పగులుతుంది, లేదా వేలు తెగుతుంది. దానికి రెండు మొనలు ఒకేసారి ఆనాలి. పిల్లల జామెట్రీ బాక్సులోని డివైడరు చిన్న రింగులకు సరిపోతుంది. గట్టిగా ఉన్నదైతే చెక్క పట్టీకి ఆ బెజ్జాల దూరంలోనే రెండు ఉక్కు మేకులు దిగ్గొట్టి, బయటికొచ్చిన మొనలు ఆకురాయితో చదును చేసి తిప్పాలి. బైండింగు వైరు దీనికి పనికిరాదు, వంగిపోతుంది.

ఇక గోందు సంగతి. మరలకు పూసే గోందుల్లో ఎక్కువగా కనిపించేవి నీలం రంగువి, ఎర్ర రంగువి. నీలం రంగుది చేతి పనిముట్లతో వదులుతుంది. ఎర్రది అలా కాదు, దాదాపు 250 డిగ్రీల వేడి తగిలితేనే మెత్తబడుతుంది. కెటిల్‌లో మరిగే నీళ్లు 100 డిగ్రీలు దాటవు. కాబట్టి వేడినీళ్లతో కొన్ని లైట్లు తెరుచుకోవడం, కొన్ని తెరుచుకోకపోవడం అదృష్టం మీద ఆధారపడింది కాదు, లోపలి గోందు మీద ఆధారపడింది. వేడికి అల్యూమినియం సాగుతుంది కూడా. కానీ ఎంత? అంగుళం లావు గొట్టం 70 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది మిల్లీమీటరులో ఇరవై ఐదో వంతు. అందుకే బయటి మూత మాత్రమే వేడెక్కి లోపలిది ఇంకా చల్లగా ఉన్న ఆ కొద్ది క్షణాల్లోనే తిప్పాలి. రెండూ వేడెక్కాక తిప్పి లాభం లేదు. ఇదంతా బ్యాటరీ బయటికి తీసేసిన తర్వాతే. బ్యాటరీ లోపల ఉండగా వేడినీళ్ల మాటే వద్దు.

పాత సెల్లు కారి గొట్టంలో అతుక్కుపోతే తెల్లటి పొడి కనిపిస్తుంది. ఆల్కలైన్ సెల్లులోంచి కారేది క్షారం, చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది. తొడుగులు, కళ్లద్దాలు వేసుకుని వెనిగరో నిమ్మరసమో దూదితో అద్ది తుడవాలి. సెల్లును చెక్క మీద తట్టి తట్టి తీయాలి. డ్రిల్లింగు పెట్టకూడదు.

మూత వచ్చాక స్ప్రింగు మొన, మర అంచు రబ్బరుతో రుద్ది శుభ్రం చేయండి. ఓ-రింగు చిట్లిందేమో చూడండి. మూసేముందు మరకు కొంచెం సిలికాన్ గ్రీజు రాస్తే మళ్లీ బిగుసుకోదు, ఇసుక కొరకదు.

ముట్టుకోకూడనివి

ఇంత చెప్పి, ఆగాల్సిన చోటు చెప్పకపోతే తప్పవుతుంది. లైటు ఒంటి మీద 'ఈఎక్స్' అని ఆరు మూలల గడిలో గుర్తు ఉంటే అది పేలుడు ప్రమాదం ఉన్న చోట్ల కోసం చేసింది. రిఫైనరీలు, ట్యాంకులు, గ్యాసు లైన్ల దగ్గర పనిచేసేవాళ్లకు ఇచ్చేది ఇదే. లోపలి నిప్పురవ్వ బయటి గ్యాసును అంటుకోకూడదని దాన్ని అలా చేస్తారు. దాని సీలు మనల్ని అడ్డుకోవడానికి కాదు, మనల్ని బతికించడానికి. ప్రమాద ప్రాంతంలో దాని మూత తీయకూడదు. క్యాంపులో కూడా తీసి సొంతంగా బాగుచేయకూడదు. ఒకసారి ఎవరో తెరిచి తీగ మార్చి మూసినా, వెలుగుతూనే ఉంటుంది, కానీ దాని మీద ఉన్న గుర్తుకు ఇక విలువ లేదు. అది తీసుకుని ట్యాంకులో దిగేవాడు మన పక్క మంచం వాడే కావచ్చు.

రెండోది లిథియం బ్యాటరీ. చాలా చార్జింగు లైట్లలో 18650 అనే సెల్లు ఉంటుంది. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, పేరులోనే కొలత ఉంది. అది ఉబ్బినా, సొట్టపడినా, పైన ప్లాస్టిక్ తొడుగు చిరిగినా మళ్లీ వాడొద్దు. గుచ్చొద్దు, నొక్కొద్దు, వేడి చేయొద్దు. లోపల షార్టయితే క్షణాల్లో మంట లేస్తుంది, ఆ పొగ కూడా విషమే. ఆరేడుగురు నిద్రపోయే గదిలో రాత్రంతా అలాంటి దాన్ని చార్జింగుకు పెట్టడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. పెద్ద సూపర్ మార్కెట్లలో పాత బ్యాటరీలు వేసే పెట్టెలుంటాయి, అందులో వేయండి.

మూడోది, ప్లాస్టిక్‌ను కరిగించి అతికించిన లైట్లు. వాటికి మర ఉండదు. తెరవడం అంటే పగలగొట్టడమే. అలాంటిదాని మీద వేలు పోగొట్టుకోవద్దు. చుట్టూ అతుకు గీత మాత్రమే కనిపించి మర కనిపించకపోతే వదిలేయడమే తెలివి. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా పనితనమే.

పనితనమా? నేరమా?

మా బాధ అసలు ఇక్కడుంది. జగిత్యాల వైపు కుర్రాడు ఒకడు, హెల్పరు. పైన చెప్పిన పట్టీ పానా చేసి సంచిలో పెట్టుకున్నాడు. గేటు దగ్గర తనిఖీలో దొరికింది. 'సొంతంగా చేసిన పనిముట్టు' అని వార్నింగు లెటరు ఇచ్చారు. అదే వారంలో ఆఫీసులో ఒక లైటు తెరుచుకోకపోతే ఆ కుర్రాడినే పిలిపించారు. తెరిచి ఇచ్చాడు. లెటరు మాత్రం ఫైల్లో అలాగే ఉంది. 'సార్, నేను చేసింది తప్పా ఒప్పా?' అని మమ్మల్ని అడిగాడు. ఏం చెప్పాలి?

సేఫ్టీ వాళ్ల మాటలో నిజం లేదని మేం అనం. సొంత పనిముట్ల మీద నిషేధం ఊరికే రాలేదు. తల పగిలి రేకులు లేచిన ఉలి, గార్డు తీసేసిన గ్రైండరు, పైపు అతికించి పొడుగు చేసిన పానా, వీటివల్ల కళ్లు పోయినవాళ్లున్నారు, చేతులు విరిగినవాళ్లున్నారు. ఆ నిబంధన మనవాళ్ల ప్రాణం కోసమే. కానీ గార్డు లేని గ్రైండరునూ, చెక్కకు కట్టిన పట్టీనీ ఒకే గాటన కట్టడం ఏం న్యాయం? ఒకటి కరెంటుతో నిమిషానికి వేల సార్లు తిరుగుతుంది. రెండోది మనిషి మణికట్టు బలంతో కదులుతుంది.

దారి లేకపోలేదు. సైట్లలో పనిముట్లను కొన్ని నెలలకోసారి తనిఖీ చేసి ఆ దఫాకు ఒక రంగు టేపు చుట్టడం మనందరికీ తెలిసిందే. టేపు ఉంటే వాడొచ్చు, లేకపోతే లేదు. కార్మికుడు చేసిన చిన్న చేతి పనిముట్టును కూడా వర్క్‌షాపు వాళ్లు ఒకసారి చూసి, బాగుంటే టేపు చుట్టి ఇవ్వొచ్చు, బాగా లేకపోతే తీసేసి అదే పనికి కొన్నది ఇవ్వొచ్చు. నిషేధించే అధికారం ఉన్నవాళ్లకు బదులు చూపించే బాధ్యత కూడా ఉండాలి. పట్టీ పానా కొంటే వచ్చే ఖర్చు ఒక వార్నింగు లెటరు వెనక పోయే సమయం కంటే తక్కువ.

ఇంకో సంగతి కోత. కంపెనీ ఇచ్చిన లైటు పాడైతే జీతంలో పట్టుకుంటామని కొన్నిచోట్ల భయపెడతారు. యూఏఈలో 2022 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన కార్మిక చట్టం, అంటే 2021 నాటి 33వ నంబరు చట్టం, 25వ అధికరణలో దీని గురించి ఉంది. కార్మికుడి తప్పువల్లో, చెప్పినట్టు చేయకపోవడంవల్లో పనిముట్టు పాడైతేనే ఆ నష్టానికి కోత పెట్టొచ్చు, అదీ అతని రాతపూర్వక అంగీకారంతో. వాడగా వాడగా పాతబడి ఆరిపోయిన లైటు మన తప్పు కాదు. అర్థంకాని కాగితం మీద సంతకం పెట్టేముందు చదివి చెప్పమని అడగండి. మా లాంటి సూపర్‌వైజర్లను అడిగితే చదివి చెప్పాల్సిన బాధ్యత మాకుంది.

ఇక పేరు. ఆ సైకిల్ షాపు అన్న వీసా మీద ఉన్నది 'హెల్పరు'. బిగుసుకున్న ఏ మరనైనా చూపుతోనే అంచనా వేయగల మనిషి. మోటారు వైండింగు చేసినవాళ్లు, రేడియో రిపేరు షాపులో పెరిగినవాళ్లు, ట్రాక్టరు గేరు పెట్టె విప్పినవాళ్లు మన క్యాంపుల్లో ఎంతమంది లేరు! కాగితం లేదు కాబట్టి నేర్పు లేనట్టే లెక్క. కాగితం లేని నేర్పుకు జీతం లేదు. మన దేశంలో 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ముందే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి పెట్టారు. సెలవు మీద ఊరికి వెళ్లినప్పుడు దగ్గర్లోని శిక్షణ కేంద్రంలో దాని గురించి అడగండి. సర్టిఫికెట్ చేతికి రాగానే జీతం పెరుగుతుందని మేం చెప్పడం లేదు. కానీ 'నాకు ఈ పని వచ్చు' అని చెప్పడానికి చేతిలో ఒక కాగితం ఉంటుంది. తర్వాతి వీసాకు బేరం ఆడటానికి అది మొదటి మెట్టు.

ఏం చేయాలి?

కంపెనీలను మేం కోరేది ఎక్కువేం కాదు. వేలకొద్దీ లైట్లు ఒకేసారి కొనేటప్పుడు బ్యాటరీ మార్చుకునే వీలున్నవి కొనండి. ఒకటి రెండు దిర్హాములు ఎక్కువైనా ఏడాది తిరిగేసరికి మీకే లాభం. క్యాంపులో ఒక బెంచి, ఒక వైసు, రెండు పట్టీ పానాలు, ఒక సర్క్లిప్ ప్లేయరు, ఓ-రింగుల డబ్బా పెట్టండి. శుక్రవారం సాయంత్రం రెండు గంటలు ఆ బెంచి దగ్గర పని తెలిసినవాడిని కూర్చోబెట్టి, దానికి ఓవర్‌టైం ఇవ్వండి. ఈఎక్స్ లైట్లను మాత్రం విడిగా తాళం వేసి ఉంచండి, వాటిని తయారీదారు చెప్పిన చోటే బాగుచేయించండి.

మా తోటి సూపర్‌వైజర్లకు ఒక మాట. చదువు మనల్ని చీకట్లో పనిచేసే చేతుల నుంచి దూరం చేయడానికి రాలేదు. లైటు ఆరిందని ఎవరైనా చెప్తే 'ఖల్లివల్లి, అలాగే కానియ్' అనకండి. వెలుగు లేని చోట మనిషిని దింపకుండా ఆపే అధికారం మనకుంది. కొత్త లైటు వచ్చేదాకా ఆ పని ఆగనివ్వండి. ముదీరుకు జవాబు మనం చెప్పుకుందాం.

ఇక తోటి అన్నలకు, తమ్ముళ్లకు. మీకు వచ్చిన నేర్పును గదిలో నలుగురికి చూపించండి. సైకిల్ ట్యూబు ముక్క ఒకటి సంచిలో ఉంచుకోండి, దాన్ని ఏ గేటు దగ్గరా ఎవరూ పట్టుకోరు. బిగుసుకున్నదాని మీద కోపం చూపించొద్దు, కోపంలో జారిన స్క్రూ డ్రైవరు నేరుగా అరచేతిలోకే దిగుతుంది. అన్నిటికంటే ముందు, లైటు కొనేటప్పుడు కొట్లోనే నిలబడి వెనక మూత తిప్పి చూడండి. చేత్తో వస్తే కొనండి. రాకపోతే అక్కడే పెట్టేసి, ఎందుకు కొనలేదో కొట్టువాడికి చెప్పి మరీ రండి. పదిమంది అలా చెప్తే పదకొండో వాడికి తెరుచుకునే లైటు తెప్పించి పెడతాడు.